ఏడు దినాల ముయ్యి

ఈ నెల రెండో శనివారం పొద్దున పదిన్నరకు శిరీష ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. పదికి వస్తానని ఫోన్లో చెప్పింది గాని, కొండాపురం నుంచి వచ్చే బస్సు జమ్మలమడుగులో అరగంట నిలిచిపోయిందట. ఇరవై ఆరేళ్ల పిల్ల. పులివెందులలో వ్యవసాయం చదువుకుంది. గండికోట జలాశయం నిండినప్పుడు మా పాత ఊరు మునిగిపోతే, ఊరి వాళ్లకు కట్టించిన కాలనీలో తల్లిదండ్రులతో ఉంటోంది. ఆఫ్రికాలో మలావి అనే దేశంలో వేరుశనగ పండించే పల్లెలున్నాయట. అక్కడి ఆడవాళ్లు తమ ఊరికి ఏం కావాలో తామే తేల్చుకుంటారు, బయటి నుంచి వచ్చినవాళ్లు ఒక సంవత్సరం వాళ్ల పక్కన ఉండి సాయం చేస్తారు. జీతం లేదు; తిండి, ఉండడానికి చోటు. దానికి శిరీష దరఖాస్తు పెడుతోంది. అందులో ఒక ప్రశ్న ఉంది: మీరు మా పల్లెలకు ఎందుకు రావాలనుకుంటున్నారు? నూట ఇరవై పదాలు మించకుండా రాయాలి.

శిరీష నూట పద్దెనిమిది పదాలు రాసుకొచ్చింది. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏ కాగితం చేతికిచ్చినా ముందు లెక్క పెడతాను. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. సేవ అనే మాట ఆరుసార్లు ఉంది. ఎందుకు వెళ్తోందో మాత్రం లేదు. ఎర్ర పెన్నుతో పై నుంచి కింది దాకా గీత కొట్టాను.

"ఏందవ్వా, అంతా కొట్టేసినావే?"

"ఇది నువ్వు రాసినావా, నీ ఫోను రాసిందా?"

"సగం ఫోను, సగం నేను."

"నీ సగం యాడుందో చూపించు."

ఆ పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేసింది. వాళ్ల జేజి, అంటే నాన్న తల్లి, ఓబులమ్మ నవ్వినట్టే, పై పెదవి ఒక పక్కకే లేస్తుంది. మీ జేజి నీకు ఎప్పుడైనా ఐరిన్ దొరసాని గురించి చెప్పిందా అని అడిగాను. చిన్నప్పుడేదో విన్నాను గాని గుర్తు లేదంది. వచ్చే శనివారం పదికి రమ్మన్నాను. ఈ లోపల నాకు గుర్తున్నది రాసి పెడతానన్నాను. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి, అప్పటి పాకెట్ డైరీ ఒకటి ఇంకా ఉంది. కాని ఈ సంగతికి వాటితో పని లేదు.

నాకప్పుడు పదిహేనేళ్లు. మా నాన్న ఊళ్లో మిషన్ వాళ్ల బడికి మాస్టరు. బడి గోడకు ఆనుకునే మా ఇల్లు, ముందు వరండా, వెనక ఒక గది, ఒక వంటిల్లు. పొద్దున లేచేసరికి ఇంట్లో మూడు వాసనలుండేవి: లాంతరులో ఆరిన కిరసనాయిలు, పెనం మీద జొన్నరొట్టె, దొడ్లో వామిగా పేర్చిన శెనక్కాయ కట్టె, అంటే ఎండిన వేరుశనగ చెట్లు. నాన్న ప్రార్థన కాగానే గోడ గడియారానికి ఎనిమిది తిప్పులు తాళం ఇచ్చేవాడు. ఏడు కాదు, తొమ్మిది కాదు. మా జేజికి ఆ గడియారం మీద నమ్మకం లేదు. వరండా మెట్ల మీద వేపచెట్టు నీడ మూడో బండకు వస్తేనే ఆమెకు పది. గడియారం పదీ ఐదు చూపిస్తే, "మీ నాయన గడియారం పరిగెత్తుతాంది, దాన్ని కుచ్చోబెట్టు" అనేది. పొగాకు కాడ కొంగు చివర ముడివేసుకుని, మిషన్ గుడికి పోయేటప్పుడు మాత్రం ఆ ముడి విప్పి పొయ్యి పక్కన నీళ్ల పొంత కింద దాచేది. నాకు లెక్కల పిచ్చి ఈ ఇద్దరి తగాదా తీర్చబోయి పట్టుకున్నదేనని నా అనుమానం.

ఆ ఇంటికి ఒక ఆషాఢ మాసపు మధ్యాహ్నం ఐరిన్ వచ్చింది. కడపలో ఉన్న ఒక సంస్థ ఆమెను నాలుగు నెలలకు మా ఊరికి పంపింది. ఇంగ్లండులో ఉత్తరపు వైపు ఏదో పల్లె. ఇరవై నాలుగేళ్లు. ఒక రేకు పెట్టె, ఒక గొడుగు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు. ఆ బూట్లు మా ఎర్ర నేలలో ఒక్కసారి కూడా అవసరం పడలేదు. బడి పక్కన విరిగిన బెంచీలు పెట్టుకునే గదిని ఖాళీ చేసి ఇచ్చారు. ఇంగ్లీషు వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆమె మాట ఊరికి, ఊరి మాట ఆమెకు చేరవేసే పని నాకు పడింది.

సాయంత్రానికల్లా మా వరండా నిండింది. జేజి అందరి తరఫున మూడు ప్రశ్నలు అడిగింది. పెండ్లయిందా? కాలేదు. తల్లీతండ్రీ ఉండారా? ఉన్నారు, తమ్ముడు కూడా ఉన్నాడు. "అందరూ ఉండంగా ఇంత దూరం ఏంటికొచ్చినావమ్మా?" దీనికి ఐరిన్ చాలాసేపు జవాబు చెప్పింది. చేతులు కూడా కదిలించింది. నాకు సగమే అర్థమైంది. మనకు సాయం చేసేదానికట అన్నాను. జేజి పొగాకు ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి, "వాళ్లూర్లో సాయం కావల్సినోళ్లు అయిపోయినారా?" అంది. అందరూ నవ్వారు. ఏమంటున్నారని ఐరిన్ అడిగితే, నీళ్లు కాచి తాగమంటున్నారని చెప్పాను. కాని జేజి అడిగింది మాత్రం నా మనసులో ఉండిపోయింది. ఆ నాలుగు నెలలూ ఆమెను చూసినప్పుడల్లా నన్ను నేను అడిగింది అదే: ఈమె ఎందుకొచ్చింది?

ప్రతి బేస్తవారం, అంటే గురువారం, పొద్దు గూకే ముందు బడి వరండాలో ఆడవాళ్ల మీటింగు. మీకు ఏం కావాలో మీరే చెప్పండి, నేను చెప్పను అనేది ఐరిన్. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. మూడో వారం ఓబులక్క, శిరీష జేజి, లేచింది. ముప్పై ఏళ్లుంటాయి. మూడెకరాల మెట్ట, మొగుడు గంగన్న, ఎనిమిదేళ్ల ఆడపిల్ల. అప్పటికి ఐదో నెల కడుపు.

"చంటోళ్లను పండబెట్టేదానికి నాలుగ్గోడలు కావల్ల. పైన బండలు, కింద గచ్చు. ఒక ముసలామె కాపలా ఉంటే సాలు" అంది.

ఆమె ఎందుకలా అడిగిందో ఊరందరికీ తెలుసు, ఐరిన్‌కు నేను చెప్పాను. పనుల కాలంలో తల్లులు పిల్లల్ని చేనికే తీసుకుపోయి గట్టు మీద తుమ్మకొమ్మకు చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవారు. మూడేళ్ల కిందట ఓబులక్క రెండో బిడ్డను, నాలుగు నెలల పిల్లవాణ్ణి, అట్లా ఉయ్యాలలో ఉండగానే తేలు కుట్టింది. సాలు చివరి నుంచి ఆమె పరిగెత్తి వచ్చేసరికి ఏడుపు ఆగిపోయింది. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డను ఆ గట్టు మీద పడుకోబెట్టనని ఆమె పట్టుదల. కాన్పు కార్తీకంలో. శెనక్కాయ పీకే పని కూడా అప్పుడే.

మీటింగులో అందరూ అవునవునన్నారు. బడి పక్క ఖాళీ స్థలంలో కట్టుకుందామన్నారు. ఆదివారం పొద్దున పునాది తవ్వడానికి తలా ఒక చెయ్యి వేద్దామన్నారు. ఆదివారం ఐరిన్ గడ్డపార పట్టుకుని నిలబడింది. ఇద్దరు వచ్చారు, ఒక గంట ఉండి వెళ్లారు. రెండో ఆదివారం ఎవరూ రాలేదు. మూడో ఆదివారమూ, నాలుగో ఆదివారమూ అంతే. మళ్లీ బేస్తవారం మీటింగుకు మాత్రం అందరూ వచ్చి అవునవునన్నారు. ఐరిన్ నన్ను పట్టుకుని అడిగింది, వాళ్లకు నిజంగా ఆ గది కావాలా అని. నేను నాన్నను అడిగాను. ఎవరి పని వాళ్లకుంటుంది కదమ్మా అన్నాడు. ఇంతలో కడప నుంచి ఉత్తరం వచ్చింది. దసరా లోపల పని మొదలు కాకపోతే ఆమెను వేరే ఊరికి మారుస్తామని రాశారు.

ఐరిన్‌కు కూర్చోవడం చేతకాదు. ఒక సోమవారం నన్ను వెంటబెట్టుకుని ఓబులక్క చేనికి పోయి, కలుపు తీసే ఆడవాళ్ల వరసలో వంగింది. మునుం అంటారు దాన్ని. తలా రెండు సాళ్లు పట్టుకుని అందరూ ఒకేసారి ముందుకు పోతారు. కడుపుతో ఉన్న ఓబులక్క సాళ్లను కూడా ఆమే పట్టుకుంది. మొదటి రోజు కలుపుతో బాటు పదకొండు శెనక్కాయ చెట్లు పీకింది. ఆడవాళ్లు ఒక్కొక్క చెట్టునూ ఎత్తి చూపించి, "దొరసానీ, ఇది గూడా కలుపేనా?" అని అడిగారు. మూడో రోజుకు చెయ్యి తిరిగింది. మెడ వెనక కాల్చిన ఇటుక రంగు వచ్చింది. గట్టు మీద రెండు నీళ్ల కుండలుండేవి, ఊరి వాళ్లది ఒకటి, మా వీధి వాళ్లది ఒకటి. ఒకే మునుంలో వంగేవాళ్లం గాని ఒకే కుండలో ముంచుకునేవాళ్లం కాదు. ఐరిన్ ఏది దగ్గరుంటే దాంట్లో ముంచుకుని తాగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమెకు తెలియదని వదిలేశారు. తెలిసే తాగానని ఆమె తర్వాత ఒక ఉత్తరంలో రాసింది.

మా పక్క ముయ్యి అని ఒక పద్ధతి ఉండేది. కూలికి మనుషులను పెట్టుకోలేని చిన్న రైతులు చేసుకున్న ఏర్పాటు. ఈ రోజు నేను నీ చేలో పని చేస్తే, నీవు ఇంకో రోజు నా చేలో చేయాలి. దినానికి దినం. దుడ్లు ఇవ్వడం లేదు, కాగితం లేదు. ఎవరికి ఎన్ని దినాలు తిరిగి చేయాలో ఆడవాళ్ల నోటికి ఉండేది. జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా ముయ్యి మాత్రం తీరాల్సిందే. తీర్చని ఇంటికి మరుసటేడు ఒక్క మనిషి పోదు. ఐరిన్ ఆరుగురి చేలలో మొత్తం ఇరవై మూడు దినాలు వంగింది: ఓబులక్క చేలో ఏడు, ఒకామె చేలో నాలుగు, మిగతా నలుగురి చేలలో మూడేసి. తాను చేస్తున్నది ముయ్యి అని ఆమెకు తెలియదు. చెప్పాలని నాకు తోచలేదు. మునుంలో వంగిన తల్లులకు మాత్రం వేరే ఆలోచనే లేదు.

ఇరవై మూడో దినం, సద్ది తినేటప్పుడు ఓబులక్క నన్ను పిలిచింది. "పాపా, దొరసానిని అడుగు. మా చేలో ఏడు దినాలు చేసినాది. ఆమె పని ఎప్పుడు పెట్టుకుంటాదంట?"

నేను అడగలేదు. ఐరిన్ మనసు నాకు తెలుసుననుకున్నాను. పైగా ఆమె ఎంత గొప్పదో చెప్పుకోవాలని నాకు ఉబలాటంగా ఉంది. "ఆమెకేమీ వద్దులే అక్కా. ఊరికే చేస్తాది. అందుకే వచ్చినాది" అన్నాను.

"ఊరికేనా?" అంది ఓబులక్క. చేతిలోని సంగటి ముద్దను గిన్నెలో పెట్టేసింది. మిగతా వాళ్లు కూడా తినడం ఆపారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నా జీవితంలో చేసిన లెక్క తప్పుల్లో అంత పెద్దది ఇంకోటి లేదు.

మరునాడు మేము పోయిన మొదటి చేలో, ఈ దినం మనుషులు సరిపోయినారు అన్నారు. రెండో చేలో అదే మాట. మూడో చేలో ఐరిన్ సాలు దగ్గర వంగబోతే ఒకామె వచ్చి ఆ సాలును తానే పట్టుకుంది. మీటింగు రోజు వరండాలో నేనూ ఐరిన్ తప్ప ఎవరూ లేరు. అవునవుననే వాళ్లు కూడా రాలేదు. దసరా ఇంకా పదహారు దినాలుంది.

నేను ఓబులక్క ఇంటికి పోయాను. ఆమె చేటలో కొర్రలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"మేమేమన్నా అడుక్కు తినేవాళ్లమా పాపా? ఊరికే చేసిన పని ఎట్ల తినల్ల? నా సాళ్లు గూడా ఆమె పట్టుకునింటే నేను గమ్మునుంటి, తీరుస్తాలే అని. ఇప్పుడేమో తీర్చేదానికే లేదంటివి. రేపు ఊర్లో నాతో ముయ్యి కలిసేది ఎవురు?"

"ఆమె అనలేదక్కా. నేనే అన్నా."

చేట ఆగింది. "నువ్వే అన్నావా? ఆమెను అడగకుండానే?" ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇంగ్లీషు వొస్తే సాలదు మే. అడగడం గూడా రావల్ల. పోయి అడుగు."

ఐరిన్ గదిలో పెట్టె సర్దుకుంటోంది. నేను ఏం తప్పు చేశాను అని అడిగింది. తప్పు నాదని చెప్పి, ముయ్యి ఏమిటో వివరించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊరి నుంచి ఏమీ పుచ్చుకోకూడదని కడపలో మాట తీసుకున్నారట. పుచ్చుకుంటే సాయం ఎట్లా అవుతుంది అంది. నాకు తోచింది అడిగాను. "మీ ఊళ్లో మీ నాన్న చేనులో పని ఎవరు చేస్తారు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లది గొర్రెలు మేపే పల్లె. వేసవిలో గడ్డి కోసి ఎండబెట్టాలి. వాన పడే లోపల అయిపోవాలి, ఒక ఇంటి వల్ల కాదు. ఇరుగుపొరుగు వస్తారు. ఆ తర్వాత వాళ్ల గడ్డికి నాన్న పోతాడు. ఒక ఏడు నాన్న నడుము పట్టుకుని పోలేకపోతే తానూ తమ్ముడూ పోయారు. పోకుంటే నాన్న తల ఎత్తుకుని తిరగలేడు. ఇంతవరకు చెప్పి ఆమె ఆగిపోయింది. చేతిలో మడతపెట్టిన గౌను అట్లాగే ఉంది. దాన్ని మళ్లీ గోడ కొక్కేనికి తగిలించి, నావి ఎన్ని దినాలు అని అడిగింది. ఇరవై మూడు అన్నాను.

అప్పటికి ఆమెకు నలభై తెలుగు మాటలు వచ్చు, నా డైరీలో జాబితా ఉంది. నన్ను నోరెత్తవద్దని చెప్పి ఓబులక్క వాకిట్లోకి పోయింది. మిగతా ఐదుగురు కూడా అక్కడే ఉన్నారు. బడి పక్కన ఖాళీ స్థలం వైపు చెయ్యి చూపించి, "ఓబులక్కా, నా చేను ఆడ. నా ముయ్యి కావల్ల" అంది.

ఓబులక్క పై పెదవి ఒక పక్కకు లేచింది. "ఆ మాట మొదుట్నే చెప్తే పోయేది కదమ్మా. నాలుగు ఆదివారాలు గడ్డపార పట్టుకోని బొమ్మ మాదిరి నిలబడితే మాకేం తెలుస్తాది? మీటింగులో అందరిదీ అంటివి. అందరిదీ అంటే ఎవురు వస్తారు?"

మరునాడు పొద్దున, వేపనీడ ఇంకా మెట్ల మీదికి రాకముందే పునాది మొదలైంది. ఆరుగురిలో ఐదుగురు, వాళ్ల పదహారు దినాలు. రాళ్లు మోశారు, మన్ను తొక్కారు, నీళ్లు తెచ్చారు. ఆడవాళ్లు దిగాక మగవాళ్లు ఊరికే చూస్తూ నిలబడలేక బండ్లు కట్టుకొచ్చారు. గంగన్న జమ్మలమడుగు వైపు గనుల్లో అంచులు విరిగి పారేసిన నాపబండలు ఏరి తెచ్చాడు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. కొలతల తాడు నేనే పట్టుకున్నాను. ఓబులక్క మాత్రం తన ఏడు దినాలు మొదలుపెట్టకముందే, గోడలు ఎదఎత్తు లేచిన రోజు, నెల ముందుగా కనింది. మగబిడ్డ, నా మూరకు కొంచెం తక్కువ. బతుకుతాడా లేదా అని పది రోజులు ఊరంతా ఎదురు చూసింది. బండలు ఎత్తే పని ఎవరూ ఆపలేదు.

ఐరిన్ గడువు ముగిసే నాటికి ఓబులక్క ఇంకా బాలింత, గది దాటలేదు. ఐరిన్ గడప బయట నిలబడింది, నేను మధ్యలో.

"నా ఏడు దినాలు అట్లనే ఉండాయి. పోతే ఎట్ల?" అంది లోపలి నుంచి ఓబులక్క.

మళ్లీ వస్తానని చెప్పమంది ఐరిన్. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.

"రాకపోయినా ఉంటాయని చెప్పు."

బస్సు దగ్గర నేను జేజి ప్రశ్న అడిగాను, ఎందుకొచ్చావని. వచ్చేటప్పుడు తెలుసు, ఇప్పుడు తెలియదు అంది. పద్నాలుగేళ్లు ఉత్తరాలు రాసింది, తర్వాత ఆగిపోయాయి. ఆమె మాత్రం మళ్లీ రాలేదు. శెనక్కాయ పీకుడు ముదిరాక ఆ గదిలో మొదటి ఉయ్యాల వేసిన బిడ్డ ఓబులక్క కొడుకు. ఆ ఏడు పదకొండు ఉయ్యాలలు, రెండు వీధులవీ. కాపలా మా జేజి. ఆ బిడ్డే శిరీష తండ్రి.

ఇప్పుడు ఆ గది నీళ్ల కింద ఉంది. ఊరు ఖాళీ చేసేటప్పుడు శిరీష తండ్రి పైకప్పు నుంచి ఒక బండ ఊడదీసి కాలనీకి తెచ్చుకున్నాడు, వాళ్ల వాకిట్లో మెట్టుగా ఉంది. కాలనీలో అంగన్‌వాడీ ఉంది, కుళాయి ఉంది. ఆ కుళాయికి అన్ని ఇళ్ల బిందెలూ ఒకే వరసలో నిలబడతాయి. రెండు కుండల కాలం నుంచి చూసినదాన్ని కాబట్టి నాకది చిన్న సంగతి కాదు. పనికి ట్రాక్టరు వస్తుంది, కూలి ఇస్తారు, అంతటితో సరి. ఎవరి నడుమూ అప్పటంత విరగడం లేదు. ఎవరి ఇంటికి ఎన్ని దినాలు తిరిగి పోవాలో నోటికి చెప్పగలిగే వాళ్లు మాత్రం లేరు. పోయినదెంతో వచ్చినదెంతో కూడి తీసివేసి చూశాను. నాకు సమానంగా తేలలేదు, ఎటు ఎక్కువో కూడా తేలలేదు. ఓబులక్క పోయే ముందు నన్ను చూసినప్పుడు గుర్తు పట్టలేదు. పక్కన కూర్చుంటే, "ఏడు" అంది. నేను, అవునక్కా ఏడే అన్నాను.

నిన్న శనివారం శిరీష పదికి ఐదు నిమిషాల ముందే వచ్చింది. ఇదంతా చదివింది. తర్వాత కొత్త కాగితం తీసి రెండు వాక్యాలు రాసి నా ముందు పెట్టింది. ఐరిన్ అనే ఆమె మా జేజి చేలో ఏడు దినాలు పని చేసింది. మా జేజి వాటిని తీర్చలేకపోయింది, నేను వస్తున్నాను.

"పదహారు మాటలే అవ్వా. ఇంగ్లీషులో చేస్తే ఇంకొంచెం అయితాయి. సాలవేమో?"

"సాల్తాయి."

"ఆడుండేది ఐరిన్ ఊరు గాదు గదా. వాళ్లకెట్ల తీరుస్తా?"

"శెనక్కాయ సాలే కదా. యాడైతే ఏంది."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గడప దాకా పోయి వెనక్కి తిరిగింది. "మరి ఏడు దినాలు అయిపోయినంక? సంవత్సరం ఉండల్ల గదా."

"ఎనిమిదో దినం ఎవరో ఒకామె నిన్ను అడుగుతుంది, నీ చేను యాడ అని. ఊరికే చేస్తాండా అని మాత్రం చెప్పొద్దు. చూపించేదానికి ఏదో ఒకటి చూసి పెట్టుకో."